నురుగు రాని సబ్బు

"...అంటే ఉత్త నీళ్ళల్లో ఉన్న చేపలు కూడా గుడ్లు పెట్టడం మరిచిపోయినాయంటారా మేడం?"

"మరిచిపోయాయని నేననలేదు తేజస్వీ. ఎండలు అంటున్నాను."

"పోయినేడూ ఇవే ఎండలు. ఇదే గది, ఇవే తొట్లు. ఉత్త నీళ్ళ తొట్టిలో రోజుకు నూటయాభై గుడ్లకు తగ్గలేదు. ఈసారి అరవై దాటలేదు."

"కంపెనీ మందు వేసిన తొట్లలో?"

"అవీ అరవైకి అటూ ఇటే."

"ఇక్కడా అరవై, అక్కడా అరవై. తేడా లేదు. కంపెనీ వాళ్ళు మనల్ని అడిగింది తేడా ఉందా లేదా అనే."

"పక్కపక్కన ఇద్దరికీ జొరమొస్తే ఒకరికి ఆరోగ్యం బాగున్నట్టా మేడం?"

చేపల గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల సాలమ్మ పీట మీద కూర్చుని, చేతులు మోచేతుల దాకా బకెట్లో పెట్టి గోలీలు కడుగుతోంది. వరండాలో మాట్లాడుతున్న ఇద్దరూ ఆమెకు కనబడటం లేదు, మాటలు మాత్రం ఒక్కటీ పోకుండా వినబడుతున్నాయి. సుధామయి మేడం ఎప్పుడూ గొంతు పెంచదు. స్కాలర్ పిల్ల తేజస్వి పెంచకుండా ఉండలేదు.

"సరే. ఏం మారిందో నువ్వే చెప్పు. తిండి?"

"అదే తిండి."

"లైట్లు? నీళ్ళ వేడి?"

"రోజూ రాస్తానే ఉన్నా. మారలేదు."

"తొట్లు కడగడం?"

కాగితాలు తిప్పిన చప్పుడయింది. "రిజిస్టర్లో ఉంది మేడం. కుళాయి నీళ్ళు, రాతి ఉప్పు, మూడుసార్లు. ఎనిమిది నెలలూ అదే. కింద సాలమ్మక్క సంతకం."

"సాలమ్మ సంగతి వదిలెయ్. ఈ డిపార్ట్‌మెంట్‌లో తప్పు రాయని మనిషి ఆవిడొక్కతే."

బకెట్లో సాలమ్మ చేతులు ఆగిపోయాయి. బకెట్లో ఉన్నది ఉప్పు నీళ్ళు కావు.

*

సాలమ్మకు యాభై ఏడేళ్ళు. యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో ఇరవై రెండేళ్ళుగా చేపల గది చూస్తోంది. అడిక్‌మెట్‌లో ఒక గది ఇల్లు. పొద్దున ఏడున్నరకు తాళం వేసి, రైలు పట్టాల మీది వంతెన దాటి నడిచి వస్తుంది. ఉద్యోగం ఆమెది కాదు, ఆమె భర్త కొమురెల్లిది. అతను టెంపరరీగా చేరి, టెంపరరీగానే పద్నాలుగేళ్ళు చేసి, ఒక వానాకాలంలో కామెర్లతో పోయాడు. పర్మినెంట్ మనిషి పోతే ఇంట్లోవాళ్ళకు ఉద్యోగం ఇస్తారు. టెంపరరీ మనిషి పోతే టెంపరరీ ఉద్యోగమే ఇచ్చారు. పదకొండు నెలలకొక కాగితం, మధ్యలో నెల ఖాళీ, మళ్ళీ పదకొండు నెలలు.

కొమురెల్లి బతికుండగా ఆమెకు పని గురించి చెప్పింది తక్కువే. అన్నం తింటూ చేపల ముచ్చట్లు చెప్పేవాడు, అంతే. వాటిలో ఒక్క మాట మాత్రం ఆమెకు పనిలో చేరిన మొదటి రోజు గుర్తొచ్చింది: "సబ్బు తొట్టి దగ్గరికి రావొద్దు. గాజుసామాన్ల కాడ ఎంతన్న వాడుకో. తొట్టికి నీళ్ళు, ఉప్పు, మన చెయ్యి. గంతే."

ఆ గంతే మీదే ఆమె ఇరవై రెండేళ్ళు నడిచింది. పొద్దున రాగానే తొట్ల అడుగున పరిచిన గోలీల సందుల్లోంచి సన్నని గొట్టంతో గుడ్లు లాగాలి. చారల చేపలు గుడ్డు పెట్టిన మరుక్షణం వెనక్కి తిరిగి తినేస్తాయి. గోలీలుంటే గుడ్లు సందుల్లోకి జారిపోయి బతుకుతాయి. ఆ గోలీలు పిల్లలు ఆడుకునేవే, అంబర్‌పేట్ మార్కెట్లో సాలమ్మే కొనుక్కొచ్చింది. ఒక్కో తొట్టికి రెండు వందలు. వాటి మీద పచ్చని జిగురు పడుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఉప్పేసి చేతులతో రుద్దితే తొట్టికి గంట పట్టేది.

కడిగాక రిజిస్టర్ రాయాలి. తేదీ, తొట్టి నంబరు, దేంతో, ఎన్నిసార్లు, సంతకం. ఆమె అయిదో తరగతి దాకా చదివింది. పేజీ మొదటి వరుసలో 'కుళాయి నీళ్ళు, రాతి ఉప్పు, మూడుసార్లు' అని రాసి, కింది వరుసలన్నిటిలో రెండు కామాలు పెట్టడం ఒక పాత క్లర్కు నేర్పాడు. పైన ఉన్నదే కిందా అని అర్థం. పేజీ నిండగానే కొత్త పేజీ మీద అదే మొదటి వరుస రాసేది. చేయి దానంతటదే రాసేది.

*

ఎనిమిది నెలల కిందట రఘువీర్ వచ్చాడు. సుధామయి మేడం దగ్గర పదేళ్ళ కింద ఎమ్మెస్సీ చదివినవాడు. ఇప్పుడు ఊరి చివర పారిశ్రామికవాడలో గిన్నెలు, నేల కడిగే ద్రవం తయారు చేసే కంపెనీలో వాటాదారు. హాస్టళ్ళ వంటశాలలకు, ఆసుపత్రులకు సరఫరా చేయాలంటే నీళ్ళల్లోని జీవాలకు హాని లేదని ఒక రిపోర్టు కావాలట. పరీక్షకు రెండు నీలం క్యాన్లు తెచ్చాడు. వాటితో పాటు ఇంకో ఆరు క్యాన్లు ఆటోలోంచి దింపించాడు.

"ఇవి ల్యాబుకు మేడం. గురుదక్షిణ అనుకోండి."

"గురుదక్షిణకు ఇది బాగానే ఉంది. బొటనవేలు అడగలేదు నేను," అని మేడం నవ్వింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "సాలమ్మా, ఇక సబ్బు కోసం ఆఫీసుకు ఇండెంట్లు పెట్టకు. ల్యాబంతా ఇదే వాడుకో," అంది.

క్యాను మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది. 'నాన్ అయానిక్. నురుగు లేదు, వాసన లేదు. చేతులకు మెత్తన, ప్రకృతికి నేస్తం.' సాలమ్మ కూడబలుక్కుని చదివింది. మొదటి వారం గాజుసామాన్లకు వాడింది. నూనె మరకలు, రంగు మరకలు ముట్టుకుంటే పోయాయి. నురుగు మాత్రం లేదు. నీళ్ళల్లో నీళ్ళలాగే ఉంది.

రెండో వారం కుళాయి గంట మాత్రమే వచ్చింది. గోలీల మీద జిగురు వదలడం లేదు. ఆమె క్యాను వైపు చూసింది. సబ్బు తొట్టి దగ్గరికి రావొద్దు. నిజమే. కానీ సబ్బంటే నురుగు. నురుగు రానిది సబ్బు ఎట్లయితది? పైగా ఈ మందునే తేజస్వి చుక్కల లెక్కన చేపల నీళ్ళల్లో వేస్తోంది, చేపలు ఈదుతూనే ఉన్నాయి. ఒక మూత బకెట్లో పోసి గోలీలు నానేసింది. పది నిమిషాల్లో జిగురు జారిపోయి గోలీలు కొత్తవాటిలా మెరిశాయి. ఒక్కసారి నీళ్ళల్లో ముంచి తీసింది. కడిగేయడానికి నురుగే లేనప్పుడు మూడుసార్లు ఎందుకు, నీళ్ళు దండగ.

రిజిస్టర్లో రెండు కామాలు పెట్టింది.

మూడో నెలకు ఆమె వేళ్ళ చివర్లు తెల్లబడి గీతలు గీతలుగా పగిలాయి. చింతపండు పిసికితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆఫీసులో హాజరు యంత్రం మీద బొటనవేలు పెడితే ఎర్ర లైటు వెలిగేది. మళ్ళీ పెడితే మళ్ళీ ఎరుపు. "నీ వేలి మీద గీతలే లేవు సాలమ్మా, దొంగతనాలు చేసుకుంటే దొరకవు," అని క్లర్కు స్వర్ణ నవ్వి, కాగితం మీద సంతకం పెట్టించుకోవడం మొదలుపెట్టింది. సాలమ్మ కూడా నవ్వింది. చేతులకు మెత్తన అని రాసి ఉండటంతో అది మందు వల్ల అనుకోలేదు. వయసనుకుంది.

*

వరండాలో మాటలు అయిపోయాక ఆమె బకెట్ పక్కకు పెట్టింది. గోలీలను చూస్తే ఏమీ తెలియడం లేదు. శుభ్రంగా ఉన్నాయి. ఏదీ లేనట్టే ఉన్నాయి.

మధ్యాహ్నం ప్రాక్టికల్ హాలు ఖాళీ అయింది. అల్మారాలో పసుపుపచ్చని గంధకం పొడి సీసా ఉంటుంది. ఏటా పిల్లలు పైత్యరసం పరీక్ష చేసేటప్పుడు సాలమ్మే బల్లల మీద సర్దుతుంది. ఉత్త నీళ్ళ మీద పొడి చల్లితే తేలుతుంది. పైత్యరసం కలిసిన నీళ్ళ మీద చల్లితే మునుగుతుంది. ఎందుకని ఒక సారు పిల్లలకు చెబుతుంటే ఆమె ఒకసారి విన్నది. కొవ్వుకు పైత్యరసం చేసేది నూనెకు సబ్బు చేసేదే, నీటి మీది పొరను అది సడలిస్తుంది, అందుకే పొడి నిలవలేదు అన్నాడు.

రెండు బీకర్లు తీసుకుంది. ఒకదానిలో కుళాయి నీళ్ళు. రెండోదానిలో అవే నీళ్ళు పోసి, ఉత్త నీళ్ళ తొట్టి కోసం పొద్దున కడిగి ఆరబెట్టిన గోలీలు గుప్పెడు వేసి, కాసేపుంచి తీసింది. రెండిటి మీదా గంధకం చల్లింది.

మొదటి బీకర్లో పొడి పైనే పరుచుకుని ఉండిపోయింది. రెండోదానిలో ఒక్క క్షణం ఆగి, తర్వాత సన్నగా అడుక్కి దిగింది.

ఆమె అవే గోలీలను మళ్ళీ కడిగి మళ్ళీ చూసింది. మునిగింది. మూడోసారి కూడా మునిగింది. ఆరోసారి కడిగినాక గాని పొడి తేలలేదు.

తొట్టి తొట్టికి రెండు వందల గోలీలు, వారం వారం, ఎనిమిది నెలలు. మందు తొట్లలో తేజస్వి వేసింది చుక్కలు. ఉత్త నీళ్ళ తొట్టిలో తను వేసింది ఎంతో లెక్క కూడా లేదు.

*

తేజస్వి వాళ్ళది కడప వైపు. తండ్రి ఏదో ప్రభుత్వాఫీసులో పనిచేస్తూ తార్నాకలో స్థిరపడ్డాడు. పిల్ల ఇక్కడే పెరిగింది, కోపమొచ్చినప్పుడు మాత్రం మాటలో కడప పలుకుతుంది. సాయంత్రం క్యాంటీన్ వెనక రాతి బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. సాలమ్మ పోయి పక్కన నిలబడింది.

"కూర్చో అక్కా. టీ చెప్పనా?"

"వద్దు బిడ్డా. ఒకటి అడుగుతా. గా మందు తొట్టిల పడితే చేపకు ఏమైతది?"

తేజస్వి ఆమెను వింతగా చూసింది. ఇరవై రెండేళ్ళలో సాలమ్మ ఎవరినీ అలాంటిది అడగలేదు.

"మందు మందుగా ఉన్నంతసేపు చేప మొప్పలను పాడు చేస్తాది. అది ఎక్కువేస్తేనే. తక్కువేస్తే వేరే కథ. ఈ కంపెనీ వాడే రకం నీళ్ళల్లో విరిగిపోతాది, విరిగింది కాబట్టి పోయిందంటారు. పోదు. పెద్ద ముక్క విరిగి చిన్న ముక్కయితాది, ఆ చిన్న ముక్క ఇంకా మొండిది. మగ చేప ఒంట్లోకి పోయి ఆడ హార్మోన్‌లాగా నటిస్తాది. మగది పచ్చసొన తయారు చేయడం మొదలుపెడతాది, చేయాల్సిన పని మానేస్తాది. చాలా దేశాల్లో వాడనీరు అక్కా. నాలాలో నురుగొస్తే అందరూ ఫోటోలు తీస్తారు. నురుగు రాని దాన్ని ఎవరు చూస్తారు? అందుకే నా గొడవంతా."

సాలమ్మ నిలబడే చెప్పింది. క్యాను, మూత, బకెట్, ఒక్కసారి ముంచి తీయడం, రెండు కామాలు, గంధకం. ఏదీ వదల్లేదు.

తేజస్వి టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"నువ్వు పొద్దున గట్టిగ కొట్లాడినవు గద బిడ్డా," అంది సాలమ్మ. "నువ్వన్నదే నిజం. ఉత్త నీళ్ళది ఉత్త నీళ్ళు గాదు. మేడంకు చెప్పు."

"ఎవరికన్నా చెప్పినావా?"

"లే. నీకే."

"చెప్పొద్దు."

సాలమ్మకు అర్థం కాలేదు.

"అక్కా, ఆ గోలీలతో చేసింది ఈ కంపెనీ పరీక్ష ఒక్కటే కాదు. నా థీసిస్‌లో రెండు భాగాలు ఆ తొట్లల్లోనే చేసినా. మొత్తం పోతాది. ఫెలోషిప్ వచ్చే మార్చితో అయిపోతాది. మళ్ళీ మొదటి నుంచి చేసేదానికి ఎవరిస్తారు?"

"మరి పొద్దున..."

"పొద్దున నీళ్ళల్లో, గాలిలో ఏదో ఉందనుకున్నా. రెండు తొట్లు మార్చి నెల రోజులు మళ్ళా చేస్తే చాలనుకున్నా. ఇట్ల అనుకోలేదు." ఆ పిల్ల లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఇట్లాంటిది చేసే ముందు ఒక్క మాట అడగాల్సింది అక్కా నువ్వు. ఒక్క మాట."

సగం తాగిన టీ బెంచీ మీదే ఉండిపోయింది. సాలమ్మ గ్లాసు తీసుకెళ్ళి క్యాంటీన్ కిటికీలో పెట్టి వచ్చింది.

*

ఆదివారం పొద్దున ఆమె తార్నాక పోయింది. మేడం ఫ్లాటు మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల, మూడో అంతస్తులో. ఇంతకు ముందు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఫైళ్ళు మోసుకుని. ఈసారి చేతిసంచిలో రెండు చిన్న సీసాలు, కాగితంలో కట్టిన గంధకం, రుమాల్లో గుప్పెడు గోలీలు ఉన్నాయి.

పనిమనిషి భాగ్య తలుపు తీసింది. మేడం పూజలో ఉందని చెప్పి వంటింటి వెనక బాల్కనీలో కూర్చోబెట్టింది. అక్కడ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది నీలం క్యాను. మూత సీలు కూడా పూర్తిగా ఊడలేదు.

"ఇది వాడుత లేరా?" అంది సాలమ్మ.

"రెండు రోజులు వాడిన. చేతులు మంటలు లేసినయి. మేడం చూసి ఇది వద్దులే, కుంకుడుకాయతో తోము అన్నది." భాగ్య సాలమ్మ వేళ్ళ వైపు చూసింది. "నీకేమైంది?"

"ఏం గాలే."

మేడం వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుంది. సాలమ్మ చెప్పింది. నోటితో చెప్పడం అయ్యాక సీసాల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో గోలీలు వేసి తీసి, రెండిటి మీదా గంధకం చల్లి చూపించింది. ఒకటి తేలింది, ఒకటి మునిగింది. సుధామయి మేడం ఆ మునిగిన పొడిని చాలాసేపు చూసింది. ఆమె కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండేదని సాలమ్మకు అనిపించింది.

"ల్యాబంతా వాడుకోమన్నాను. తొట్లకు వాడమని నేను అనలేదు కదా సాలమ్మా."

"అనలే మేడం."

"తేజస్వికి తెలుసా?"

సాలమ్మ తల దించుకుంది. ఆ పిల్ల చెప్పొద్దన్నది. "తప్పు నాది మేడం. ఆ పిల్లకేం సంబంధం లే."

"తెలుసన్నమాట." మేడం కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "చూడు. రిపోర్టు సోమవారం ఇవ్వాలి. మనం ఈ ద్రవం మంచిదని రాయడం లేదు. తేడా కనబడలేదని రాస్తున్నాం. కనబడలేదు, అది నిజం. నువ్వు చెప్పింది నేను రాయాలంటే ఆధారం ఏది? రిజిస్టర్లో నీ చేత్తో నువ్వే రాశావు, కుళాయి నీళ్ళు, ఉప్పు, మూడుసార్లని. అది అబద్ధమైతే ఇరవై రెండేళ్ళ రిజిస్టర్లో ఏది నిజమో ఎవరు చెబుతారు?"

"వెనకటివి నిజమే మేడం. ఈ ఎనిమిది నెలలే."

"అని నువ్వంటున్నావు."

సాలమ్మ గంధకం కాగితాన్ని మళ్ళీ మడిచింది.

"ఇంకొకటి. పర్మినెంట్ చేసే వాళ్ళ జాబితా ఈ వారమే పోతోంది. మన డిపార్ట్‌మెంట్ నుంచి నీ పేరొక్కటే. రికార్డులు నమ్మకంగా రాసే మనిషి అని నేను సంతకం పెట్టి పంపాలి. కొమురెల్లికి రానిది నీకు వస్తోంది. నాలుగేళ్ళు పర్మినెంట్‌గా చేసి, గౌరవంగా దిగిపోతావు. ఇప్పుడు నువ్వే వచ్చి రికార్డు తప్పు అంటే నేను దాని మీద ఎలా సంతకం పెట్టను? చెప్పు, నువ్వే చెప్పు."

మేడం గొంతులో బెదిరింపు లేదు. ఒక కష్టమైన లెక్కను పిల్లలకు విడమరచి చెబుతున్నట్టుంది.

"హాస్టళ్ళల్ల గిదే వాడతరంట గద మేడం. గా నీళ్ళన్ని నాలాలకే పోతయి."

"మనం ఇవ్వకపోతే ఇంకో ల్యాబు ఇస్తుంది. రెండు వారాలు ఆలస్యమవుతుంది, అంతే." మేడం లేచింది. "భాగ్యా, సాలమ్మకు టిఫిన్ పెట్టు. చేతులకు కొబ్బరినూనె రాసుకో సాలమ్మా, అలా వదిలేయకు."

భాగ్య ఉప్మా పెట్టింది. సాలమ్మ తిన్నది. తినకపోతే బాగుండదని తిన్నది. తిన్న పళ్ళెం తోమబోతే భాగ్య గుంజుకుంది. గోలీలు రుమాల్లో కట్టుకుంటుంటే ఒకటి జారి, దొర్లుకుంటూ పోయి నీలం క్యానుకు తగిలి ఆగింది. వంగి తీసుకుంది.

అడిక్‌మెట్‌కు బస్సెక్కలేదు, నడిచింది. క్యాంపస్ లోపల హాస్టల్ వంటశాల వెనక మోరీ పారుతోంది. ఎప్పుడూ చూసేదే. దాని మీద ఇడ్లీ ముక్కలు, సబ్బు నురుగు కొట్టుకుపోతున్నాయి. కాసేపు నిలబడి నురుగు ఎక్కడిదాకా పోయి విరిగిపోతుందో చూసింది. కొమురెల్లి గుర్తొచ్చాడు. కామెర్లతో పడుకుని ఉన్నప్పుడు కూడా, శనివారం తొట్లు ఎవరు కడిగారని అడిగాడు. ఎవరో కడిగారులే అని ఆమె అంటే, ఉప్పేసిండ్రా అన్నాడు.

*

సోమవారం పదకొండు గంటలకు రఘువీర్ వచ్చాడు. మేడం గదిలో బల్ల మీద రిపోర్టు బైండు చేసి ఉంది. తేజస్వి కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో పట్టిక సరిచేస్తోంది. సాలమ్మ టీ తెచ్చి పెట్టినా తల తిప్పలేదు.

"నేను అప్పుడే అన్నాను కదా మేడం, ఏమీ ఉండదని," అన్నాడు రఘువీర్. "లేబుళ్ళు కూడా అందుకే ముందే కొట్టించేశాం."

"తొందర నీకు మొదటి నుంచీ ఉంది," అంది మేడం. "సాలమ్మా, చేపల గది రిజిస్టర్ తీసుకురా. తొట్లు కడిగిన లెక్కలున్న పేజీలు జిరాక్సు తీసి రిపోర్టుకు జత చేయాలి. ప్రతి కాపీ మీద నీ సంతకం ఉండాలి. ఆ తర్వాత ఇదిగో, నీ ఫైలు. దీని మీదా ఒకటి పెట్టు."

ఫైలు పైన సాలమ్మ పేరు టైపు చేసి ఉంది. పక్కన మేడం సంతకం అప్పటికే ఉంది.

"కంగ్రాట్స్ సాలమ్మా. మిఠాయి ఎప్పుడు?" అన్నాడు రఘువీర్.

సాలమ్మ పోయి రిజిస్టర్ తెచ్చింది. బల్ల మీద పెట్టింది కాని తెరవలేదు. అట్ట మీద అరచేయి ఆనించి నిలబడింది. వేళ్ళ పగుళ్ళలో నీలం సిరా ఇంకి ఉంది. తేజస్వి ఇప్పుడు తల తిప్పి ఆ చేతినే చూస్తోంది.

"ఏంటి సాలమ్మా?" అంది మేడం.

"పొద్దున ఏడింటికే వచ్చిన మేడం. ఈ ఎనిమిది నెలల పేజీలన్ని దిద్దిన. పైన మొదటి వరుస, కింద రెండు కామాలున్న కాడల్లా కొట్టేసి, 'కంపెనీ మందు, ఒక్కసారి' అని రాసిన. వరుసకొక సంతకం పెట్టిన. జిరాక్సు గవే తీయుండ్రి. ఫైల్ల నా పేరు కొట్టేయుండ్రి."